ఐదువేల కోళ్ళ షెడ్డు నుంచి మామిడి తోపులోకి

 

మాది కృష్ణగిరి జిల్లాలో వేపనపల్లి వైపు ఒక చిన్న పల్లె. మా పొలం గట్టు మీద నిలబడి చూస్తే ఒక పక్క కుప్పం కొండలు, ఇంకో పక్క కోలారు జిల్లా తోటలు కనబడతాయి. బడిలో తమిళం, సంతలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఇలాంటి ఊళ్ళ నుంచి ఈ ప్రసంగం వింటున్నవారు చాలామంది ఉంటారని నాకు తెలుసు. నేను పండితుణ్ణి కాను, పశువైద్యుణ్ణీ కాను. ఎనిమిదేళ్ళు ఐదువేల బ్రాయిలర్ కోళ్ళు పెంచి, ఆ పద్ధతి మానుకుని, రెండు ఆవులు, పది గొర్రెలు, యాభై నాటు కోళ్ళతో సేద్యం చేసుకుంటున్న రైతుని. ఆ మార్పు ఎందుకు వచ్చింది, ఎలా చేశాను, ఎక్కడ దెబ్బతిన్నాను అన్నది మీతో చెప్పుకోవాలని వచ్చాను.

2008లో మా ఎకరన్నర మామిడి తోట పక్కన ఐదువేల చదరపు అడుగుల షెడ్డు కట్టాను. కోడికి ఒక చదరపు అడుగు చొప్పున ఐదువేల కోళ్ళకు అది సరిపోతుంది. బ్యాంకులో 5 లక్షలు అప్పు తీసుకున్నాను. అప్పటికే కోయంబత్తూరు, పల్లడం వైపు ఒప్పందపు కోళ్ళ పెంపకం బాగా పాతుకుని మా జిల్లాకూ వచ్చింది. పద్ధతి మీకు తెలిసిందే. కంపెనీవాళ్ళు పిల్లలను, దాణాను, మందులను ఇస్తారు. షెడ్డు, నీళ్ళు, కరెంటు, చాకిరి మనవి. నలభై, నలభైరెండు రోజులకు కోడి రెండు కిలోలకు వస్తుంది. లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. కిలోకు ఇంత అని మనకు పెంపకపు కూలి కట్టిస్తారు. మార్కెట్లో ధర పడిపోతే నష్టం వాళ్ళది అంటారు. వినడానికి ఎంతో బాగుంది.

లెక్క చెబుతాను, వినండి. ఐదువేల కోళ్ళు, తలా రెండు కిలోలు, మొత్తం పదివేల కిలోలు. కిలోకు మూడున్నర రూపాయల చొప్పున బ్యాచికి 35,000 రూపాయలు వచ్చేది. అందులో కరెంటు, కింద పరిచే వరిపొట్టు, పిల్లలకు వెచ్చదనం కోసం బొగ్గులు, కూలి మనిషి, అన్నీ పోను 20,000 మిగిలేది. షెడ్డు కడిగి, సున్నం కొట్టి, ఆరబెట్టే రోజులతో కలిపి బ్యాచికి రెండు నెలలు. ఆ రెండు నెలలకు బ్యాంకు వాయిదా 18,000. అంటే ఇంటిల్లిపాదీ రెండు నెలలు పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉంటే చేతికి మిగిలింది 2,000. కోళ్ళు ఎక్కువ చస్తే ఆ కూలిలో కోత. మేత ఎక్కువ తిని తక్కువ తూగితే మళ్ళీ కోత.

"అప్పు తీరేదాకానే కదా, తర్వాత అంతా లాభమే" అనుకునేవాణ్ణి. 2015లో అప్పు తీరింది. ఆ నెలలోనే సూపర్‌వైజరు వచ్చి, "అన్నా, పాత పద్ధతి నీళ్ళ తొట్లు ఇక పనికిరావు. నిపుల్ డ్రింకర్లు పెట్టాలి, పైన నీళ్ళు చిమ్మే ఫాగర్లు పెట్టాలి. లేకపోతే వచ్చే బ్యాచి ఇవ్వడం కష్టం" అన్నాడు. అతని తప్పు లేదు, పైవాళ్ళు చెప్పింది చెప్పాడు. ఇంకో 2 లక్షలు అప్పు చేశాను. షెడ్డు నాది, అప్పు నాది. కానీ ఆ షెడ్డులో ఏం చేయాలో నిర్ణయించేది నేను కాదని ఆ రోజు నాకు తెలిసొచ్చింది.

మా అమ్మ ఒక మాట అనేది. "కోడి కూస్తే తెల్లవారుతుంది అంటారు. మన ఇంట్లో ఐదువేల కోళ్ళున్నాయి. ఒక్కటీ కూయదేమి నాయనా?" నిజమే. నలభైరెండు రోజులకు లారీ ఎక్కే కోడికి కూత వచ్చే వయసెక్కడిది? అప్పుడు నవ్వేశాను. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తుకు వచ్చింది.

2016 మే నెల. బ్యాచికి ముప్పైఎనిమిదో రోజు. కోళ్ళు బాగా బరువెక్కి ఉన్నాయి. బ్రాయిలర్ కోడికి ఒంటి నిండా మాంసం, వేడి బయటికి పంపుకునే శక్తి తక్కువ. దానికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పడం ఒక్కటే దాని దారి. ముప్పైఐదు డిగ్రీలు దాటితే దానికి ప్రాణగండం. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. కొత్త ఫాగర్లు ఆగిపోయాయి. నేనూ, నా భార్యా, పక్క తోట మామా, అందరం బిందెలతో నీళ్ళు మోసి పైకప్పు మీద పోశాం, గోనె పట్టాలు తడిపి కట్టాం. సాయంత్రానికి 1,100 కోళ్ళు చచ్చాయి. చచ్చినవాటిని గుంటలో వేసి సున్నం చల్లి పూడ్చేసరికి అర్ధరాత్రి అయింది. నా భార్య ఆ గుంట గట్టు మీద కూర్చుని, "ఇవి మనవీ కావు, మనవి కాకుండానూ పోలేదు" అంది. అంతకన్నా బాగా ఆ వ్యాపారాన్ని ఎవరూ వర్ణించలేరు.

శ్రోతలారా, పెద్ద ఫారాలు అన్నీ చెడ్డవి అని నేను అనడం లేదు. పట్నాల్లో కోట్లమందికి గుడ్డు, మాంసం చవకగా అందుతున్నాయంటే ఆ ఫారాల వల్లే. పెట్టుబడి ఉండి, జనరేటరు పెట్టుకుని, ఇరవైవేలు ముప్పైవేలు పెంచేవారు నిలదొక్కుకుంటున్నారు. నడుమ చిక్కుకున్నది మనలాంటి మూడెకరాల రైతులు. పెద్దవాళ్ళ పద్ధతిలో చిన్నవాళ్ళం బతకబోయాం. అదీ చిక్కు.

డబ్బు లెక్క ఒక్కటే కాదు. కిక్కిరిసిన షెడ్డులో రోగం చొరబడితే అగ్గిలా పాకుతుంది. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చింది. మన దేశంలో అదే మొదటిసారి. అక్కడ లక్షల కోళ్ళను చంపి పూడ్చవలసి వచ్చింది. రోగం రాని ఊళ్ళలో కూడా కోడి కొనే దిక్కు లేకపోయింది. రోగం రాకుండా, త్వరగా ఎదగాలని దాణాలో యాంటీబయాటిక్ మందులు కలపడం ఒక అలవాటుగా మారింది. అలా కొంచెం కొంచెంగా వాడితే సూక్ష్మజీవులు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి. రేపు మన పిల్లవాడికి జ్వరమొచ్చినప్పుడు ఆ మందు పనిచేయదు. అందుకే స్వీడన్ దేశం 1986లోనే పెరుగుదల కోసం అలాంటి మందులు వాడడం మాన్పించింది. యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2006 నుంచి నిషేధించాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆసుపత్రుల్లో చివరి ఆయుధంగా వాడే కొలిస్టిన్ అనే మందును పశువులకూ కోళ్ళకూ వాడకుండా మన ప్రభుత్వం 2019లో నిషేధించింది.

ఇక ఈగలు, వాసన. షెడ్డు పక్కన బతికినవారికి చెప్పనక్కరలేదు. పెంట తడిస్తే అమ్మోనియా వాయువు లేస్తుంది. కళ్ళు మండుతాయి. మా పక్కింట్లో పెళ్ళి పెట్టుకుంటే, "లారీ ఎప్పుడు వస్తుంది, షెడ్డు ఎప్పుడు ఖాళీ అవుతుంది" అని అడిగి మరీ ముహూర్తం పెట్టుకున్నారు. వాళ్ళు మర్యాదగానే అడిగారు. నాకే తల వంగిపోయింది.

సరే, మారాలనుకున్నాం. ఎలా? ఇక్కడి నుంచి నేను చేసినవీ, చేసి ఉండవలసినవీ చెబుతాను.

మొదటిది, తొందరపడి షెడ్డు కూల్చకండి. అప్పు ఎంత ఉందో రాసుకుని ముందు దాన్ని దించుకోండి. నేను ఇంకో ఏడాది బ్యాచిలు తీశాను. ఆ ఏడాదిలోనే పక్కన మేత పెంచాను. 2017లో షెడ్డు ఆపాను. ఇప్పుడు ఆ షెడ్డులో సగం గొర్రెల కొట్టం, పావు భాగం రాగి గడ్డి వామి, మిగతాది రాత్రిపూట కోళ్ళ గూడు. కట్టిన రేకు వృథా పోలేదు.

రెండోది, పశువు కంటే ముందు మేత. ఇది తిరగేసి చేసినవాళ్ళంతా నష్టపోయారు. ఒక సంకరజాతి ఆవుకు రోజుకు సుమారు పాతిక కిలోల పచ్చిమేత, ఐదారు కిలోల ఎండుమేత కావాలి. నీటి వసతి ఉంటే పావు ఎకరం సీఓ-4 గడ్డి రెండు ఆవులకు సరిపోతుంది. గట్ల మీద అవిసె వేయండి, పక్కన దశరథ గడ్డి వేయండి. ఇవి పప్పుజాతి మేతలు, మాంసకృత్తులు ఎక్కువ. దాణా ఖర్చు తగ్గేది ఇక్కడే. సుబాబుల్ వేసుకుంటే మొత్తం మేతలో మూడో వంతుకు మించి పెట్టవద్దు. అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి. రాగి, అనప, కంది కలిపి వేసే మన పెద్దల పద్ధతి మానకండి. రాగి గడ్డికి సాటి వచ్చే ఎండుమేత మన మెట్టలో ఇంకొకటి లేదు.

మూడోది, తోట భరించగలిగినన్నే కోళ్ళు. నా ఎకరన్నర మామిడి తోపులో యాభై కోళ్ళు. మొదట నూరు వదిలాను. నెల తిరిగేసరికి చెట్ల కింద గడ్డిపోచ మిగలలేదు, నేలంతా గీరి మట్టి తేలింది. ఇప్పుడు తోటను మూడు భాగాలు చేసి వలతో అడ్డుకట్టి, పదిరోజులకొక భాగంలో మేపుతున్నాను. మామిడి కాయకు పట్టే పండు ఈగ పురుగు నేలలోకి దిగి ప్యూపా దశలో ఉంటుంది. కోళ్ళు గీరి దాన్ని ఏరుకుని తింటాయి. రాలిన పురుగు కాయలనూ వదలవు. ఒక్క జాగ్రత్త. పూతకు మందు కొట్టే రోజుల్లో కోళ్ళను తోటలోకి రానివ్వకండి. నాకు అది తెలియక ఏడు పెట్టలు పోయాయి.

నాలుగోది, జాతి. పొదిగి పిల్లలను చేసే నాటు పెట్ట ఏడాదికి అరవై డెబ్బై గుడ్లకు మించి పెట్టదు. కానీ తన పిల్లలను గద్ద నుంచి తనే కాపాడుకుంటుంది. గుడ్లు ఎక్కువ కావాలంటే బెంగళూరు హెబ్బాళలో తయారైన గిరిరాజ, హైదరాబాదు రాజేంద్రనగర్‌లో తయారైన వనరాజ, గ్రామప్రియ ఉన్నాయి. ఇవి పెరటిలో తిరిగి నూరుకు పైగా గుడ్లు పెడతాయి. అయితే వీటికి పొదిగే గుణం తక్కువ. రెండూ కలిపి పెంచండి. గిరిరాజ గుడ్లను నాటు పెట్ట కింద పెట్టి పొదిగించవచ్చు, ఇరవైఒక్క రోజులు. కానీ గిరిరాజను నాటు కోడి అని చెప్పి అమ్మకండి. సంతలో మన మాటే మన పెట్టుబడి.

ఐదోది, టీకా. నాటు కోడికి రోగం రాదు అన్నది అబద్ధం. 2018లో ఆ నమ్మకంతోనే ఉన్నాను. పచ్చటి, తెల్లటి విరేచనాలు, మెడ తిప్పుకోవడం. వారం రోజుల్లో యాభైలో నలభై పోయాయి. అది కొక్కెర తెగులు. ఇక్కడ మన సరిహద్దువాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. నేను ఆసుపత్రికి వెళ్ళి "కొక్కెర తెగులు" అంటే అక్కడి పిల్లవాడికి అర్థం కాలేదు. తమిళంలో దాన్ని వెళ్ళైక్కళిచ్చల్ అంటారు. కన్నడంలో కొక్కరె రోగ. పుస్తకాల్లో రాణిఖేత్. అలాగే మన గాలికుంటును తమిళంలో కోమారి అంటారు, కన్నడంలో కాలుబాయి జ్వరం అంటారు. ఈ పేర్లు మీ ఇంట్లో గోడ మీద రాసుకోండి. పేరు చెప్పలేక ఒక పూట ఆలస్యమైతే మంద పోతుంది.

కోడి పిల్లకు వారం రోజుల వయసులో లసోటా చుక్కలు కంట్లోనో ముక్కులోనో వేయించాలి. ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా రెక్క కింద వేయించాలి. బొబ్బ రోగానికి వేరే టీకా ఉంది. టీకా మందును ఐసు పెట్టిన ఫ్లాస్కులోనే తేవాలి, సాయంత్రం చల్లబడ్డాక వేయాలి. సీసా విప్పాక మిగిలింది మర్నాటికి దాచకూడదు. పదిమంది ఇళ్ళవాళ్ళు కలిసి ఒకే రోజు వేయించుకుంటే ఒక సీసా అందరికీ సరిపోతుంది. హఠాత్తుగా పదీ ఇరవై కోళ్ళు చస్తే దాచిపెట్టి అమ్ముకోకండి. వెంటనే పశువైద్యశాలకు చెప్పండి. బర్డ్ ఫ్లూ పెద్ద షెడ్డూ చిన్న పెరడూ అని చూడదు.

ఆరోది, పెంట. దీని విలువ షెడ్డు ఉన్నప్పుడు నాకు తెలియలేదు, లారీకి ఎత్తి అమ్మేవాణ్ణి. పచ్చి కోడిపెంట వేడి చేస్తుంది, చెట్టు మొదట్లో వేస్తే వేర్లు మాడతాయి. పేడతో, ఎండుటాకుతో కలిపి గుంటలో మూడు నాలుగు నెలలు మాగనివ్వాలి. పేడ చాలినంత ఉంటే రెండు ఘనమీటర్ల గోబరుగ్యాసు నడుస్తుంది. దానికి రోజుకు యాభై కిలోల పేడ కావాలి. నా రెండు ఆవులకు అంత రాని రోజుల్లో పక్కింటి పేడ రెండు గంపలు తెచ్చుకుని, బదులుగా స్లర్రీ ఇస్తాను. మామిడికీ రాగికీ కలిపి ఇప్పుడు నేను కొనే ఎరువు మునుపటిలో మూడో వంతు కూడా లేదు.

మరి రాబడి మాటేమిటి అంటారు. దాచకుండా చెబుతాను. 2019లో నా పుస్తకంలో రాసుకున్న లెక్క ఇది. ఇంటికి వాడుకున్నది పోను, దాణా ఖర్చు పోను, పాల మీద 36,000. కోళ్ళు, గుడ్ల మీద 35,000. మేచేరి గొర్రె పిల్లలను శుక్రవారం కుందారపల్లి సంతలో అమ్మగా 35,000. మొత్తం లక్షా ఆరువేలు. షెడ్డు రోజుల్లో కూడా ఏడాదికి లక్షా చిల్లర మిగిలేది. కానీ అదంతా బ్యాంకుకే పోయేది. ఇప్పుడు ఇంట్లో ఉంటోంది. పైగా పాలు, గుడ్లు, ఎరువు ఇంటివే. అయితే ఇది ఒక్క రోజులో రాలేదు. 2017, 2018 రెండేళ్ళు గడ్డుగానే గడిచాయి. నా భార్య మెడలో గొలుసు తాకట్టుకు వెళ్ళింది. ఆ రెండేళ్ళకు తినడానికి ఏర్పాటు చేసుకోకుండా ఎవరూ ఈ మార్పుకు దిగవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

ఇంకో మాట. చాకిరి తగ్గలేదు. షెడ్డులో ఒకే పని ఐదువేలసార్లు. ఇప్పుడు యాభై రకాల పనులు. తెల్లవారుజామున పాలు, పొద్దెక్కాక గొర్రెలు, సాయంత్రం కోళ్ళు లెక్కపెట్టి గూట్లో వేయడం. ఒక్క రాత్రి గూటి తలుపు మరిచితే ముంగిసో అడవిపిల్లో లెక్క సరిచేస్తుంది. కానీ ఒకటి పోతే ఇంకొకటి నిలబెడుతుంది. ఆవు వట్టిపోయిన నెలల్లో గొర్రెపిల్ల ఆదుకుంది. మామిడి కాపు తప్పిన ఏడు కోళ్ళు ఆదుకున్నాయి. అన్ని గుడ్లూ ఒకే బుట్టలో ఉన్న రోజుల్లో నాకు రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు.

ఇది మా వైపు లెక్క. ఒక్కో సీమకు ఒక్కో సొత్తు ఉంటుంది. నాందేడు వైపున్నవారికి ఎర్ర కంధారి పశువులున్నాయి. బళ్ళారివారికి తమ ఊరి పేరే పెట్టుకున్న గొర్రె జాతి ఉంది. ఒడిశాలో మల్కనగిరి వైపు మోటు అనే పొట్టి జాతి పశువులు తక్కువ మేతతో బతుకుతాయి. ఎండకు, కరువుకు తట్టుకోవడం వాటికి ఎవరూ నేర్పనక్కరలేదు. మీ నేల మీద ఏది పుట్టి పెరిగిందో ముందు దాన్ని చూడండి. పక్క జిల్లావాడు ఏం తెచ్చాడన్నది తర్వాత.

మా అబ్బాయి హోసూరులో ఫ్యాక్టరీ పనికి పోతాడు. షెడ్డు ఆపిన రోజు, "నాయనా, అందరూ పెద్దవాళ్ళవుతుంటే నువ్వు చిన్నవాడివి అవుతున్నావు" అన్నాడు. నేను బదులు చెప్పలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం వచ్చి తోటి పనివాళ్ళ కోసం గుడ్లు పట్టుకుపోతాడు. క్రితం నెల వచ్చినప్పుడు, ఆ గొర్రెల లెక్క పుస్తకం ఒకసారి ఇవ్వమని అడిగి తీసుకుని అరుగు మీద కూర్చుని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు.

మా అమ్మ ఇప్పుడు లేదు. కానీ 2017 దసరాకు ముందు ఒక రోజు తెల్లవారుజామున, తోపులో మొదటి పుంజు కూసినప్పుడు ఆమె ఉంది. మంచం మీద నుంచే, "ఆ, ఇప్పుడు తెల్లవారింది" అంది.

మీలో ఎవరైనా షెడ్డు కట్టాలా, ఉన్న షెడ్డు ఏం చేయాలా అని ఆలోచిస్తూ ఉంటే ఈ రాత్రి ఒక పని చేయండి. ఒక కాగితం మీద ఒక పక్క మీకు వచ్చేది, ఇంకో పక్క మీరు కట్టేది రాయండి. కింద, ఈ పనిలో నిర్ణయం ఎవరిది అని ఒక్క ప్రశ్న రాసుకోండి. జవాబు మీకే దొరుకుతుంది.